రోమా పదమూడో అధ్యాయం, శివారు నుంచి

మా నర్సాపురం, పాలకొల్లు వైపు సంఘాల్లో పౌలు రాసిన రోమా పత్రిక పదమూడో అధ్యాయం ఎప్పుడు వినిపిస్తుందో గమనించండి. ఎమ్మెల్యే గారు క్రిస్మస్ కేకు కోయడానికి వచ్చినప్పుడు వినిపిస్తుంది. మన సంఘంలో నలుగురు ధర్నాకు వెళ్ళొచ్చారని తెలిసిన వారం వినిపిస్తుంది. "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" అని చదువుతారు, దేవునివలన కలిగింది తప్ప వేరే అధికారం లేదంటారు, ప్రార్థన చేసి ముగిస్తారు. అదే అధ్యాయంలో నాలుగో వచనం ఉంది. అధికారి నీ మేలు కోసం దేవుడు పెట్టిన పరిచారకుడు అని చెప్పే వచనం. దాన్ని ఒక ఎమ్మెల్యే ఎదురుగా గట్టిగా చదవగా నేను ఇంతవరకు వినలేదు.

ఈ మధ్య దీనికి పూర్తిగా ఎదురు మాట మా పిల్లల్లో వినిపిస్తోంది. మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బైబిల్ నాకంటే శ్రద్ధగా చదువుతాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు అడిగాడు: "పెదనాన్నా, యేసుప్రభువే రాజని పాడుతున్నాం కదా, మళ్ళీ ఈ రాజులెందుకు? ఓటేయడమంటే ఒకడి చేతికి లాఠీ ఇచ్చి మిగతావాళ్ళని కొట్టమని చెప్పడమేగా?" వాడు ఊరికే అనలేదు. సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీసి చూపించాడు. జనం మాకు రాజు కావాలని అడిగితే సమూయేలు ఏం చెప్పాడు? వాడు మీ కొడుకుల్ని రథాల దగ్గరికి, మీ కూతుళ్ళని వంటలకి తీసుకుపోతాడు, మీ పొలాల్లో మంచివి లాక్కుని తన మనుషులకిస్తాడు, పంటలో పదో వంతు పట్టుకుపోతాడు, చివరికి మీరు వాడికి దాసులవుతారు, అప్పుడు మొరపెట్టుకున్నా దేవుడు వినడు అని. న్యాయాధిపతుల గ్రంథంలో యోతాము గెరిజీము కొండెక్కి చెప్పిన కథ కూడా చదివాడు. చెట్లన్నీ తమకో రాజు కావాలని బయల్దేరితే ఒలీవచెట్టు నూనె మానుకుని రానంది, అంజూరపు చెట్టు పండు మానుకుని రానంది, ద్రాక్షావల్లి రసం మానుకుని రానంది. సరేనని వచ్చింది ముళ్ళపొద ఒక్కటే.

వాడిని నేను కోప్పడలేదు. ఈ ఆలోచన చిన్నపిల్లల ఆవేశం కాదు, క్రైస్తవ్యంలో దీనికి పెద్ద వంశమే ఉంది. దుష్టుణ్ణి ఎదిరించవద్దు అన్న కొండమీది ప్రసంగాన్ని అక్షరాలా తీసుకుంటే సైన్యం, కోర్టు, జైలు ఏవీ నిలబడవని రష్యా రచయిత టాల్‌స్టాయ్ ఒక పుస్తకంలో వాదించాడు. ఆ పుస్తకాన్ని రష్యాలో సెన్సారు ఆపేస్తే 1894లో జర్మనీలో అచ్చయింది. 1901లో రష్యా ఆర్థొడాక్స్ సంఘం ఆయన్ని వెలివేసింది. దక్షిణాఫ్రికాలో గాంధీ ఆ పుస్తకం చదివి కదిలిపోయాడు. న్యూయార్కులో డొరొతీ డే అనే కాథలిక్ ఆవిడ 1933 నుంచి ఆకలిగొన్నవాళ్ళకి అన్నం పెడుతూ, ప్రభుత్వం అణుబాంబు డ్రిల్లు పెట్టి అందరూ షెల్టర్లలోకి పొమ్మంటే బయటే కూర్చుని జైలుకెళ్ళింది. వీళ్ళని అరాచకవాదులని కొట్టిపారేసే హక్కు, ఎమ్మెల్యేకి దండ వేసి కూర్చునే మనకి లేదు.

మన డెల్టాలోనే ఆ వంశానికి దగ్గర బంధువులున్నారు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు కుటుంబాలతో వచ్చి, తర్వాత నర్సాపురం వైపు స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ వాళ్ళతోనే మొదలైంది. వాళ్ళు బ్రదరెన్ వాళ్ళు. బిషప్పు లేడు, జీతం తీసుకునే పాస్టరు లేడు, ఆదివారం రొట్టె విరిచే చోట పెద్దలు ఉంటారు, అంతే. మనం పరలోక పౌరులం, ఈ లోక రాజకీయం మనది కాదన్నది తొలి బ్రదరెన్ వాళ్ళలో గట్టి నమ్మకం. ఓటు జోలికి పోనివాళ్ళు చాలామందే. అటు రాజమండ్రి వైపు లూథరన్లు వేరే దారి. దేవుడు రెండు చేతులతో ఏలతాడు, ఒకటి సువార్త, ఒకటి ప్రభుత్వం అని లూథర్ చెప్పిన మాట వాళ్ళది. బళ్ళు, ఆసుపత్రులు, సర్కారు గ్రాంట్లు, కలెక్టరు గారితో మంచి మాట. ఈ రెండు మాటలూ మా వైపు ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో ఉన్నాయి. మా అమ్మ వాళ్ళు బ్రదరెన్, నాన్న వాళ్ళు లూథరన్. అందుకే ఈ ప్రశ్న నాకు పుస్తకంలోది కాదు.

అయినా మా వాడికి నేను ఒప్పుకోనని చెప్పాను. ఎందుకంటే మనం గోదావరి కాలువల మీద బతుకుతున్నాం.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కింద సుమారు పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, ఇబ్బంది ఉండదు. రెండో పంట దాళ్వాకి గోదావరిలో నీళ్ళు తగ్గితే వంతులు పెడతారు. ఎగువ రైతుకి మొదట నీరందుతుంది, మొగల్తూరు, కాట్రేనికోన వైపు శివారు పొలాలకి చివర్లో అందుతుంది, అందకపోనూ వచ్చు. రాత్రిపూట తూము దగ్గర ఎవరు ఏం చేస్తారో ఈ డెల్టాలో పుట్టినవాడికి నేను చెప్పక్కర్లేదు. ఎగువ రైతు దుర్మార్గుడేం కాదు. తన చేను ఎండుతుంటే శివారు చేను కనపడదు, అంతే. కాలువ నీళ్ళు చూసే లస్కరు వచ్చి షట్టరు దించాలి. లస్కరుకి వెనక ఒక ప్రభుత్వం ఉండాలి. అందరూ ప్రేమతో ఉంటే లస్కరు అక్కర్లేదన్నది నిజమే. కానీ అలా ఉండేదాకా శివారు రైతు పిల్లలు ఏం తినాలి? రాజు లేని రోజుల్లో ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు నడుచుకున్నాడని న్యాయాధిపతుల గ్రంథం ముగుస్తుంది. దానికి ముందున్న మూడు అధ్యాయాల్లో ఒక ఆడమనిషికి ఏం జరిగిందో, ఆ తర్వాత ఎంతమంది చచ్చారో చదివితే రాజు లేకపోవడమంటే ఏంటో తెలుస్తుంది. యోతాము కథనీ ఆ అధ్యాయాలనీ ఒకే గ్రంథంలో పెట్టారు. రెండూ వినాలి.

ఇంకో సంగతి. ప్రభుత్వాన్ని తీసేస్తే మిగిలేది స్వేచ్ఛ అని టాల్‌స్టాయ్ అనుకున్నాడు. మా దగ్గర తీసేస్తే మిగిలేది ఊరు. 2017లో మా జిల్లాలోనే పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవ దళితుల మీద సాంఘిక బహిష్కారం దాకా పోయింది. పనుల్లోకి పిలవడం మానేశారు. ఆ బహిష్కారం పెట్టింది కలెక్టరు కాదు, పోలీసులు కాదు. దానికి జీవో లేదు, సంతకం లేదు, అప్పీలు లేదు. అప్పుడు దళిత పేటవాళ్ళ చేతిలో ఉన్న ఆయుధమల్లా ఒక చట్టం, ఆ చట్టాన్ని అమలు చేయాల్సిన ప్రభుత్వం. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో లేచి, మన పల్లె అజ్ఞానానికీ సంకుచితత్వానికీ గుహ కాక మరేమిటని అడిగినప్పుడు గాంధేయవాదులకి కోపం వచ్చింది. పేటలో పుట్టినవాళ్ళకి కోపం రాలేదు. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం ఇష్టంలేని గుంపు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టింది. వాళ్ళ మీదకే వెళ్ళినవాళ్ళు, ఆపే చెయ్యి లేకపోతే పేటకి వెళ్ళడానికి ఎంతసేపు?

కాబట్టి ప్రభుత్వం వద్దన్న మాట బలమున్నవాడికే లాభం. ఇది మా వాడితో నా వాదం. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "లాఠీ ఎవరి మీద ఎక్కువ పడుతుందో కూడా చెప్పు పెదనాన్నా" అన్నాడు. అది సరైన మాట. ఇక్కడి నుంచి నేను మాట్లాడాల్సింది వాడితో కాదు, మా సంఘ పెద్దలతో.

రోమా పదమూడుని ఎవరు ఎప్పుడు వాడారో చూడండి. 1525లో జర్మనీ రైతులు తమ దొరల మీద తిరగబడ్డప్పుడు లూథర్ వాళ్ళని కొట్టండి, చంపండి అని రాశాడు. దానికి ఆధారం ఈ అధ్యాయమే. వేలమంది రైతులు చచ్చారు. మా నాన్న సంఘానికి మూలపురుషుడాయన, ఆయన పాటలు మేం ఇంకా పాడుతున్నాం, ఆ సంగతి మాత్రం మాకు సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ ప్రభుత్వాన్ని సమర్థించినవాళ్ళు ఈ అధ్యాయమే పట్టుకుంటే, 1985లో అక్కడి క్రైస్తవులు కైరోస్ పత్రం రాసి, పౌలు మాటని దాని సందర్భం నుంచి తెంచి నియంతకి దేవుడి ముద్ర వేస్తున్నారని బదులు చెప్పారు. 2018లో అమెరికాలో సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ పిల్లల్ని తల్లుల దగ్గర నుంచి విడదీస్తున్నప్పుడు ఆ దేశపు అటార్నీ జనరల్ ఈ అధ్యాయాన్నే చదివి వినిపించాడు.

అది రాసిన పౌలు మాత్రం అలా బతకలేదు. ఫిలిప్పీలో న్యాయాధిపతులు విచారణ లేకుండా అందరిముందు బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లారాక బంట్రోతుల్ని పంపి వదిలేయమన్నారు. మనమైతే దేవునికి స్తోత్రం అని ఇంటికి పోయేవాళ్ళం. పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, విచారణ లేకుండా బహిరంగంగా కొట్టి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకువెళ్ళాలి అన్నాడు. న్యాయాధిపతులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. తర్వాత ఇంకోచోట, స్థానిక అధికారి దగ్గర న్యాయం జరగదని తెలిసి, రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు. చట్టాన్ని లేదనలేదు. చట్టం తనకి బాకీపడింది అడిగి తీసుకున్నాడు. రోమా పత్రిక రాసేనాటికి నీరో గద్దె మీద ఉన్నాడు. ఆ నీరో కాలంలోనే పౌలు తల తీశారని సంఘ చరిత్ర చెప్తుంది. లోబడడమంటే నోరు మూసుకోవడమని పౌలు అనుకుని ఉంటే ఆ తల అలా పోయేది కాదు.

మన దేశంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ కేరళది. 1985లో అక్కడ ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం పాడడానికి ఒప్పుకోలేదు. వాళ్ళది యెహోవా సాక్షుల కుటుంబం. దేవుడికి తప్ప ఎవరికీ స్తుతి పాడకూడదని నమ్మకం. కానీ గీతం వస్తున్నంతసేపు మర్యాదగా నిలబడేవాళ్ళు. బడినుంచి తీసేశారు. ఆ కుటుంబం బడి మీద రాళ్ళు వేయలేదు, దేశం మాది కాదని కూడా అనలేదు. సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1986లో వాళ్ళ పక్షాన తీర్పిచ్చిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు మన తెలుగాయన, గుత్తి మనిషి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పల్చన చేయొద్దు అని రాశారు. యెహోవా సాక్షుల సిద్ధాంతాల్లో చాలావాటితో నాకు పేచీ ఉంది. ఈ ఒక్క విషయంలో ఆ పిల్లల దగ్గర నేర్చుకోవాలి.

డెల్టా రైతులకీ ఈ పద్ధతి తెలుసు. 2011 సార్వాలో కోనసీమలో పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. చేతిలో కర్ర లేదు, దుడ్డుకోల లేదు, నాట్లు ఊడ్చం అని చెప్పారంతే. ప్రభుత్వం కమిటీ వేయాల్సి వచ్చింది. భీమవరం దగ్గర తుందుర్రులో రొయ్యల ఫ్యాక్టరీ మురుగు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తుందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎదురుతిరిగితే 144 సెక్షన్ పెట్టారు, ఆడవాళ్ళని కూడా పట్టుకెళ్ళారు. వీళ్ళు దేవుడి ఏర్పాటుని ఎదిరించారా? తాగే నీళ్ళు, చేపలు పట్టే నీళ్ళు కాపాడమని పరిచారకుణ్ణి గుర్తుచేశారు. అధికారికి చేయగలిగిన మేలు అది.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. మన సంఘాల్లో అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడని చోటు.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరుతో షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతం పాటించేవాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకి బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషను. మన డెల్టా సంఘాల్లో ఎక్కువమంది ఏ పేటల నుంచి వచ్చారో చెప్పక్కర్లేదు. కాబట్టి ఏం జరుగుతుంది? బాప్తిస్మంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర చెయ్యి చాపే అమ్మాయి సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో హిందూ అని రాసిస్తుంది. రాయకపోతే ఎస్సీ కోటాలో సీటు లేదు, వాళ్ళ నాన్నకి రిజర్వుడు వార్డులో నిలబడే హక్కు లేదు. 2025లో మన హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పింది. అంటే గరగపర్రు లాంటి చోట పేటవాడికి ఉన్న ఆ ఒక్క ఆయుధం, నేను యేసుని నమ్ముకున్నానని నిజం చెప్పిన మరుక్షణం చేతిలోంచి పోతుంది.

"అబద్ధం ఆడుతున్నారు కదా, అది పాపం కదా" అని ఆ అమ్మాయి మీదకి వెళ్ళే బోధకుల్ని చూశాను. ఐగుప్తులో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు హెబ్రీ మగపిల్లల్ని చంపమన్న ఫరోకి నిజం చెప్పలేదు, దేవుడు వాళ్ళ ఇళ్ళని నిలబెట్టాడు. అయినా ఆ అమ్మాయికి ఆ పోలిక కూడా అక్కర్లేదు. ఆమెని ఈ ఇరుకులో పెట్టింది మూడో పేరా. కులం చేసిన గాయం మతం మారితే మానిపోదు. అదే పేట, అదే కూలి, ఊరి టీ కొట్టు దగ్గర అవే చూపులు. క్రైస్తవంలో కులం లేదు కదా అని ప్రభుత్వం అంటే, మన సమాధుల తోటల్లోకి వచ్చి ఎవరు ఎక్కడ పడుకున్నారో చూడమనాలి. పెళ్ళి సంబంధాలు చూడమనాలి. ఇది చెప్పడానికి మనకి సిగ్గు. సంఘంలో కులం ఉందని ఒప్పుకుంటే పరువు పోతుందని సగం మౌనం, మన పిల్లల సర్టిఫికెట్లు పోతాయని మిగతా సగం.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమని సిఫారసు చేసింది. కేసు 2004 నుంచి సుప్రీంకోర్టుకి చేరి ఉంది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. ఇన్నేళ్ళలో మా వైపు ఎన్ని ఉజ్జీవ కూటాలు జరిగాయో! దేశ నాయకుల కోసం ఎన్ని ప్రార్థనలు చేశామో! ప్రార్థన చేయాల్సిందే, తిమోతికి పౌలు చెప్పిందదే. కానీ రోమా పదమూడు చదివే నోటితో ఈ మూడో పేరా గురించి ఒక్క ప్రసంగం రాలేదంటే, ఆ అధ్యాయాన్ని మనం ఎగువ తూము దగ్గర కూర్చుని చదువుతున్నామనే అర్థం. అధికారం మేలు కోసమే అయితే ఆ మేలు శివారుకి చేరిందా లేదా అన్నది ముందు చూడాలి. చేరకపోతే లస్కరుని పిలిచి అడగాలి.

ఎస్సీ జాబితాలో ఉన్న సోదరులకి ఒక భయం ఉంది. ఉన్న వాటాలో ఇంకొందరు వచ్చి పడతారని. అది న్యాయమైన భయం. జాబితా పెంచితే వాటా కూడా పెంచమని వాళ్ళతో కలిసి అడగాలి, వాళ్ళకి ఎదురుగా నిలబడి కాదు.

మా సంఘంలో నేను అడుగుతున్నది పెద్ద పనేం కాదు. మూడో పేరా మార్చమని తెలుగులో ఒక అర్జీ, నర్సాపురం ఆర్డీవో గారి ద్వారా పైకి. పగటిపూట, పేర్లతో, అందరూ చూస్తుండగా. మొదట ఎవరు సంతకం పెట్టాలన్న దగ్గర పోయిన నెల పెద్దల కూటంలో వాదన వచ్చింది. అందరి చేతా పెట్టిద్దాం, సంఖ్య కనిపిస్తుంది అన్నారు ఒకరు. నేను వద్దన్నాను. ఎస్సీ సర్టిఫికెట్ మీద చదువుతున్న పిల్లవాడి పేరు ఆ కాగితం మీద ఉంటే రేపు ఎవడో దాన్నే తీసుకెళ్ళి వాడి మీద ఫిర్యాదు పెడతాడు. పోగొట్టుకునేది లేనివాళ్ళు ముందు పెట్టాలి. పెన్షను తీసుకుంటున్న నాలాంటి రిటైరైన టీచర్లు, బీసీ-సీ అని ఎప్పుడో రాయించుకున్న కుటుంబాలు, అగ్రకులాల నుంచి విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు, పాస్టరు గారు. ముఖ్యంగా పాస్టరు గారు. ఆయన ఇంకా ఆలోచిస్తానన్నారు. అర్జీ మాత్రం మా తమ్ముడి కొడుకు టైపు చేసి పంపాడు. ప్రభుత్వాన్ని అడగడమే తనకి ఇష్టం లేదని, అయినా ఆ పేరా ఉండకూడదని రాశాడు. సంతకం మాత్రం వాడి చేత పెట్టించను. వాడి సర్టిఫికెట్‌లో ఏముందో నాకు తెలుసు.